పన్నెండు పొట్లాలు

గుండీలమ్మకి పగ పట్టడం చేతకాదని వీధిలో అందరూ అనుకునేవారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. చొక్కాలు కుట్టే షెడ్డులో ముప్పై ఏళ్ళుగా గుండీలు కుడుతూ, తల వంచుకుని వెళ్ళి తల వంచుకుని తిరిగొచ్చే మనిషిని చూసి ఇంకేమనుకుంటారు? నోట్లో నాలుక లేని మనిషన్నారు. వెన్నపూస అన్నారు. వినీ వినీ ఆమె కూడా నిజమే కాబోలు అనుకుంది. తన లోపల ఏముందో ఆమెకి తెలిసింది యాభై రెండో ఏట, ఒక ఆదివారం పొద్దున, పెరటి గోడ దగ్గర, బావగారు మాటల్లో మాటగా అన్న ఒక్క ముక్కతో.

ఆ ముక్క దగ్గరికి వెళ్ళేముందు పెరడు సంగతి చెప్పాలి.

ఒకటే ఇల్లు. మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ఎడమ వాటాలో పెద్దకొడుకు, పెద్దకోడలు. కుడి వాటాలో చిన్నకొడుకు, చిన్నకోడలు. ఈ చిన్నకోడలే మన గుండీలమ్మ. పెద్దాయన బస్సు కండక్టరు. చిన్నాయన నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. ఇంట్లో గోడ కప్పు దాకా ఉన్నా పెరట్లో మాత్రం మోకాలెత్తే. అంతకంటే లేపనివ్వలేదు అత్తగారు. "నేను ఇటు పాదు నుంచి అటు పాదుకి దాటాలి. నన్ను చుట్టూ తిప్పుతారా ఏమిటి?" అని తాపీమేస్త్రీ మీద విరుచుకుపడిందట.

ఆవిడ తోట చంద్రుణ్ణి బట్టి నడిచేది. వెన్నెల పెరిగే రోజుల్లో నేలపైన కాసేవి పెట్టాలి: గుమ్మడి, చిక్కుడు, టమాటా. తరిగే రోజుల్లో నేల లోపల ఊరేవి: ముల్లంగి, క్యారెట్, ఉల్లి. అమావాస్యనాడూ ఆ మర్నాడూ విత్తనం ముట్టకూడదు, కావాలంటే కలుపు తీసుకోవచ్చు. గుమ్మడైతే నెలవంక కనబడిన మూడోరోజు, పాదుకి నాలుగు గింజలు, మొన కిందికి. ఎందుకు అంటే కోపం వచ్చేది ఆవిడకి. "ఎందుకేమిటి? కాస్తున్నాయా లేదా?" అనేది. కాసేవి మరి.

ఆవిడ ఆస్తి రెండే రెండు. ఒకటి ఈ రోజుల లెక్క. రెండోది ఒక బిస్కెట్ల రేకు డబ్బా, దాన్నిండా విత్తనాలు. వాటిలో గుమ్మడి గింజలే ప్రాణం ఆవిడకి. బూడిదరంగు తొక్క, కోస్తే లోపల నిప్పు రంగు, ఏ బజార్లోనూ దొరకని రకం. కోడళ్ళిద్దరూ వచ్చాక ఆవిడ ఒక ఏర్పాటు చేసింది. ఇంకెవరింట్లోనూ అలాంటి ఏర్పాటు విని ఉండరు. డబ్బా పెద్దకోడలికి ఇచ్చింది. లెక్క చిన్నకోడలికి నేర్పింది. ఒకరిది ఒకరికి చెప్పకూడదు, ఇవ్వకూడదు. గింజ కావాలంటే చిన్నది గోడ దగ్గరికి రావాలి. రోజు కావాలంటే పెద్దది గోడ దగ్గరికి రావాలి.

"నేను పోయినా సరే, ఇద్దరూ చచ్చినట్టు మాట్లాడుకుంటారు" అని మురిసిపోయేది.

తెలివైన మనిషే, కాదనను. కానీ డబ్బా ఎవరి చేతిలో పెడుతున్నానో ఒక్కసారి చూసుకుని ఉండాల్సింది.

గుండీలమ్మ లెక్కని భక్తిగా పట్టుకుంది. షెడ్డులో గుండీలు అట్టలకి గుచ్చి వస్తాయి. గుండీలు అయిపోయాక ఆ ఖాళీ అట్టల వెనక పెన్సిలుతో నెలవంకలూ సగం చందమామలూ గీసుకుని, ఏ రోజున ఏం పెట్టిందో, ఎన్నాళ్ళకి మొలిచిందో రాసుకునేది. మొదటి ఏడాది ఆమె వైపు పాదుకి పదిహేడు గుమ్మడికాయలు కాశాయి. పెద్దకోడలి వైపు తొమ్మిది. అత్తగారు ఊరుకోలేదు. దారినపోయే వాళ్ళనల్లా పెరట్లోకి లాక్కొచ్చి, "మా చిన్నదాని హస్తవాసి చూశారా?" అని చూపించింది. పెద్దకోడలు పక్కనే నిలబడి విన్నది. అందరితోపాటు నవ్వింది కూడా.

రెండో ఏడాది చిన్నకోడలి పాదులో ఒక్క గింజా మొలవలేదు.

"లెక్క తప్పావేమో" అంది అత్తగారు. మూడో ఏడాదీ అంతే. "మట్టి చెడిందేమో" అంది. మట్టి మార్చారు. నాలుగో ఏడాది ఆవిడే రోజు చెప్పి, ఆవిడే పక్కన నిలబడి, గింజలు మొన కిందికి పెట్టించింది. గోడకి అవతల అదే డబ్బాలోని గింజలు అయిదో రోజుకి తలలెత్తాయి. ఇవతల నేల నేలలాగే ఉంది. బజారులో కొన్న ముల్లంగీ టమాటా మొలుస్తున్నాయి కదా అని గుండీలమ్మ అనబోతే, "అవి మందేసిన గింజలు, రోడ్డు మీద పారేసినా మొలుస్తాయి" అంది పెద్దకోడలు. పదో రోజున అత్తగారు చిన్నకోడలి చెయ్యి పట్టుకుని, అరచేయి తిప్పి చూసి, వదిలేసింది. ఏమీ అనలేదు. అన్నది పెద్దకోడలితో. "దాని చెయ్యి మంచిది కాదే. ఇకనుంచి నా పాదులు ముట్టుకోనివ్వకు."

ఆ మాట గోడకి ఇవతల స్పష్టంగా వినబడింది. మోకాలెత్తు గోడ మరి.

ఆ ఏడాదే అత్తగారు మంచానపడింది. పడింది పెద్దకోడలి వాటాలో. గుండీలమ్మ పనినుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, గ్లాసుతో నీళ్ళు పట్టుకెళ్ళి తల కింద చెయ్యి పెట్టి లేపబోయింది. ఆవిడ మొహం గోడవైపు తిప్పేసుకుంది. పెద్దకోడలు వచ్చి గ్లాసు అందుకుని తాగిస్తే తాగింది. నాలుగు నెలల్లో పోయింది. ఆ నాలుగు నెలల్లో చిన్నకోడలి చేతి మీదుగా ఒక్క గుక్క కూడా దిగలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళూ గుండీలమ్మ తన చేతిని తను నమ్మలేదు. షెడ్డులో ఎవరైనా పూలమొక్క కొనుక్కుంటే, "నా చేత పెట్టించకండి" అని ముందే చెప్పేది. పక్క మిషను అమ్మాయికి బిడ్డ పుడితే అందరూ ఎత్తుకున్నాక, చివర్న, రెండు వేళ్ళతో బుగ్గ తాకి వెనక్కి జరిగేది. గుమ్మడి పాదు జోలికి మళ్ళీ వెళ్ళలేదు. అయినా ఏటా పెద్దకోడలు గోడ దగ్గరికి వచ్చి, "చెల్లీ, గుమ్మడి ఎప్పుడు పెట్టమంటావు?" అని అడిగితే, అట్ట తీసి చూసి, నిక్కచ్చిగా రోజు చెప్పేది. ఒక్క ఏడాది కూడా తప్పు చెప్పలేదు.

ఇక ఆ ఆదివారం. బావగారు రిటైరయి రెండేళ్ళయింది. కండక్టరుగా చేసిన నోరు కదా, ఎక్కే మనుషులూ దిగే మనుషులూ లేక, గోడ దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మంచి మనిషి. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడటం ఆయనకి తెలీదు.

"అమ్మాయ్, ఈ ఏడన్నా ఓ గుమ్మడి పాదు పెట్టుకోరాదూ? అంత నేల ఊరికే ఉంది."

"నా చేతికి రాదు బావగారూ."

"అదే నాకూ అర్థం కాదమ్మాయ్. మీ అక్క ఎంత జాగ్రత్త తీసుకునేదని! నీకిచ్చే గింజల్ని మాత్రం పురుగు పట్టకుండా మరిగే నీళ్ళలో వేసి తీసి, నీడన ఆరబెట్టి మరీ పొట్లం కట్టేది. మా వాటికి అంత శ్రద్ధ లేదు. అదేమే అంటే, వాళ్ళవైపు మట్టిలో పురుగెక్కువండీ అనేది."

గుండీలమ్మ చేతిలో కలుపు మొక్క అలాగే ఉండిపోయింది. "మరిగే నీళ్ళలోనా?"

"తెర్లుతున్న నీళ్ళలో! టీ గిన్నెలోనే. టీ అనుకుని నేనోసారి గ్లాసు కూడా పట్టుకొచ్చాను, నీకు తెలుసా?" అని ఆయన పకపకా నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. నవ్వి, లోపలికి వెళ్ళి, వంటగదిలో నేలమీద కూర్చుంది. రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. చేతులకేమీ కాలేదు. పన్నెండేళ్ళుగా ఏమీ కాలేదు. ఏడుపు వస్తుందనుకుంది కానీ రాలేదు.

మొగుడికి చెబితే మోటారు మూత బిగిస్తూ, "పోనీలేవే, ఎప్పటి గొడవో. అమ్మే పోయింది" అన్నాడు. అమ్మ పోయింది కాబట్టే కదయ్యా! ఉంటే ఆ టీ గిన్నె తీసుకెళ్ళి మంచం ముందు పెట్టి ఉండేది. ఇప్పుడు ఎవరికి చూపించాలి? ఆయనతో మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సోమవారం షెడ్డులో ఆమె కుట్టిన నలభై చొక్కాలు వెనక్కొచ్చాయి. గుండీలు ఎంత బిగించి కుట్టిందంటే గుడ్డ ముడతలు పడిపోయింది. సూపర్‌వైజరు ఆశ్చర్యపోయి, "నీకేమైందమ్మా?" అన్నాడు. దారం ఊడదీస్తూ ఆమె తనకేం కావాలో తేల్చుకుంది. పెద్దకోడలు బోడి పాదు ముందు నిలబడాలి. వీధి వచ్చి చూడాలి. దాని చెయ్యి మంచిది కాదన్న మాట ఈసారి పెద్దకోడలు తన గురించే, తన చెవులతోనే వినాలి. అంతకి మించి ఒక్క పిసరు కూడా వద్దు, అంతకి తక్కువా వద్దు.

ఆయుధం చేతిలోనే ఉంది. రోజుల లెక్క.

విత్తే కాలం వచ్చింది. అలవాటు ప్రకారం పెద్దకోడలు గోడ దగ్గరికి వచ్చి అడిగింది. గుండీలమ్మ అట్ట తీసింది, పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది, లెక్కపెట్టినట్టు పెదాలు కదిపింది.

"వచ్చే గురువారం అక్కా."

అమావాస్యకి మూడు రోజుల ముందు. గుమ్మడికి అంతకంటే చెడ్డ రోజు లేదు. పెద్దకోడలికి తలెత్తి ఆకాశం చూసే అలవాటు లేదు. చూస్తే తెల్లవారుజామున అరిగిపోయిన చందమామ కొళాయి పైనే కనబడి ఉండేది. "సరే చెల్లీ" అని వెళ్ళి, గురువారం పెట్టేసింది. ఆ వారమంతా గుండీలమ్మ పళ్ళు బిగపట్టుకుని ఎదురుచూసింది.

అయిదో రోజుకి మొలిచాయి. నాలుగుకి నాలుగు.

సరే, మొలిస్తే మొలవనీ, తీగ సాగదు అనుకుంది. తీగ గోడెక్కింది. ఆకులు పళ్ళెమంత అయ్యాయి. పూత నిలవదు అనుకుంది. నిలిచింది. పెద్దకోడలి వాటాలో ఆ ఏడు ఇరవై మూడు కాయలు కాశాయి. అందులో ఒకదాన్ని బావగారు ఎత్తలేక చక్రాలబండి తెప్పించాడు. కసి చాలక గుండీలమ్మ ముల్లంగి లెక్కని కూడా తలకిందులు చేసి, నిండు వెన్నెల పెరిగే రోజుల్లో పెట్టించింది. ముల్లంగి మణికట్టంత లావున ఊరింది.

ఇదీ వరస! చంద్రుడికి ఈ పెరటి గొడవతో సంబంధం లేదని తేలిపోయింది. లెక్కా లేదు, అట్టలూ లేవు. నీళ్ళూ ఎండా పేడా ఉంటే ఏ రోజు పెట్టినా కాస్తుంది. గుండీలమ్మ ముప్పై అట్టలూ ముందేసుకుని కూర్చుంది. అప్పుడు మొదటిసారి ఆమెకి అత్తగారి మీద కోపం వచ్చింది. పెద్దదాని చేతిలో ప్రాణమున్న గింజ పెట్టి నా చేతిలో గాలి పెట్టావా? ఆ గాలిని కళ్ళకద్దుకుని మోశాను కదా!

ఇంతటితో అయిందా అంటే లేదు. పెద్దకోడలు వీధంతా టముకు వేసింది. "మా చెల్లి చెప్పిన రోజు బంగారం! ఈ ఏడు అదేదో కొత్త లెక్క కట్టింది, చూడండి కాపు!" అని కాయ కోసి ఇంటింటికీ ముక్క పంపింది. దాంతో మందుల షాపు ఆవిడా, ఇస్త్రీ ఆయనా, ఎదురింటి టీచరూ ఒక్కొక్కరే గుండీలమ్మ గుమ్మం ముందుకొచ్చి, "మాకూ ఓ మంచిరోజు చెప్పమ్మా" అని నిలబడ్డారు. పగ తీర్చుకుందామని అబద్ధం ఆడితే ఆ అబద్ధమే పేరు తెచ్చిపెట్టింది. ఎవరికి చెప్పుకుంటుంది? అందరికీ నోటికొచ్చిన రోజు చెప్పింది. అందరికీ కాసింది.

పేరు వచ్చింది కదా, చల్లారిందా అంటే, ఇంకా రగిలింది. పెద్దకోడలు గోడ మీద నుంచి ప్రేమగా "చెల్లీ" అని పిలిచినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు కంపరమెత్తేది. ఈ పిలుపుతోనే కదా మూడేళ్ళు ఉడికిన గింజలు చేతిలో పెట్టావు!

గింజలు తీసే సమయానికి పెద్దకోడలికి కంటి ఆపరేషను అయింది. రెండు కళ్ళకీ ఒకటి తర్వాత ఒకటి. వంగకూడదు, దుమ్ము తగలకూడదు, నల్లద్దాలు తియ్యకూడదు. విత్తనానికి ఉంచిన పెద్దకాయ వరండాలో ముదిరి కూర్చుంది. ఒక సాయంత్రం బావగారి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి వచ్చి, రేకు డబ్బా ఇవతలికి చాచింది.

"ఈ ఏడు నువ్వే తియ్యి చెల్లీ. నాకు కళ్ళు ఆనట్లేదు. నీకంటే నమ్మకమైన వాళ్ళు నాకెవరున్నారు?"

గుండీలమ్మ డబ్బా అందుకుంది. మూత మీద బొమ్మలు ఎప్పుడో అరిగిపోయాయి. పదహారేళ్ళలో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

కాయ కోసింది. గింజలు తీసి, జిగురు పోయేదాకా కడిగి, బట్ట మీద ఆరబోసింది. గుప్పెడు తనకి, గుప్పెడు పెద్దకోడలికి, మిగతావి డబ్బాలోకి. తర్వాత టీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు తెర్లాయి. పెద్దకోడలి గుప్పెడు అందులో పోసి చూస్తూ నిలబడింది. మళ్ళీ ఆరబెట్టి పొట్లం కట్టింది. ఆ పొట్లం పక్కన ఇంకో పొట్లం కూడా కట్టింది, ప్రాణమున్న గింజలతో. దాన్ని తన చేతిసంచిలో వేసుకుంది. నోరు తెరిచి ఒప్పుకుంటే ఇచ్చేద్దాం అనుకుంది. అంత మంచితనం ఇంకా మిగిలే ఉంది ఆమెలో.

ఈసారి రోజు కూడా సరైనదే చెప్పింది. నెలవంక కనబడిన మూడోరోజు. అప్పటికి పెద్దకోడలు వంగొచ్చని డాక్టరు చెప్పాడు, నల్లద్దాలు మాత్రం ఉన్నాయి. ఒకే పూట ఇద్దరూ గోడకి అటూ ఇటూ కూర్చుని పెట్టారు. పాదుకి నాలుగు, మొన కిందికి. పదమూడేళ్ళ తర్వాత గుండీలమ్మ గుమ్మడి గింజ నేలలో గుచ్చడం అదే. అయిదో రోజు పొద్దున ఆమె పాదులో మట్టి పెచ్చు లేచింది. దాని కింద రెండు లావుపాటి ఆకులు మడత విప్పుకుంటున్నాయి. ఆమె వాటి ముందు గొంతుక్కూర్చుని పనికి ఆలస్యమయ్యేదాకా లేవలేదు.

గోడకి అవతల నేల నున్నగా ఉంది.

ఆరో రోజు, ఏడో రోజు. కాపు బాగా వస్తుందని వీధికంతా తెలిసిన పాదు కదా, జనం వచ్చి చూశారు. ఇస్త్రీ ఆయన గోడ మీదకి వంగి చూసి, "రోజు మంచిదే. గింజా అదే. ఇటు మొలిచింది, అటు మొలవలేదు. మరి ఎక్కడుందంటారూ తేడా?" అన్నాడు. మందుల షాపు ఆవిడ గొంతు తగ్గించి, "చేతిలో ఉంటుందండీ" అంది. నల్లద్దాల వెనక పెద్దకోడలి మొహం కదల్లేదు. గుండీలమ్మ గోడకి ఇవతల నిలబడి ఆ రెండు మాటలూ తృప్తిగా విన్నది. తేనె తాగినట్టుంది. సిగ్గుపడాల్సిన పనేమీ కనబడలేదు ఆమెకి.

ఎనిమిదో రోజు పొద్దున బావగారు పాలకి వెళ్ళినప్పుడు పెద్దకోడలు ఒంటరిగా గోడ దగ్గరికొచ్చింది. నల్లద్దాలు తీసేసింది. అరచేతిలో రెండు గింజలున్నాయి, పొట్లంలో మిగిలినవి. ఒకదాన్ని గోళ్ళతో చీల్చి చూపించింది. మంచి గింజ లోపల పాలలా తెల్లగా ఉంటుంది. ఇది పచ్చబడి, మెత్తబడి ఉంది. లోకంలో అది చూసి సంగతి పోల్చుకోగల మనిషి ఒక్కతే. ఆ మనిషే చూసింది.

"ఎంతసేపు ఉంచావు?" అంది పెద్దకోడలు.

"నువ్వెంతసేపు ఉంచేదానివక్కా?"

పెద్దకోడలు గోడ మీద కూలబడింది. "తెర్లు రాగానే వేసి, వంద లెక్కపెట్టి దించేదాన్ని."

"నేనూ అంతే."

"ఎవరు చెప్పారు నీకు?"

"బావగారు."

ఆ మాటకి పెద్దకోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆయనకి తెలుసా?"

"తెలీదు. పురుగు పట్టకుండా చేశావనుకుంటున్నారు ఇప్పటికీ. నీ శ్రద్ధకి మెచ్చుకుంటున్నారు."

"చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయన ముందు నేను తలెత్తలేను." అని గబగబా కళ్ళు తుడుచుకోబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి చెయ్యి దించేసింది. "కుళ్ళుకున్నానే. పదిహేడు కాయలు కాశాయని అత్తయ్య నిన్ను వీధంతా చూపించింది. నేను వచ్చిన ఎనిమిదేళ్ళలో నన్ను ఒక్కసారి చూపించలేదు. అంతే. ఇంకేం లేదు."

గుండీలమ్మ చెయ్యి చేతిసంచిలోకి వెళ్ళింది. ప్రాణమున్న పొట్లం వేళ్ళకి తగిలింది. ఒప్పుకుంది కదా. ఇవ్వాల్సిందే. బయటికి తీయబోతుండగా, పాపం, పెద్దకోడలు ఇంకొంచెం ఊరట చెబుదామనుకుంది.

"నువ్వు ఒక్క బెంగ మాత్రం పెట్టుకోకు చెల్లీ. అత్తయ్య నిన్ను తప్పుపడుతూ పోలేదు. చివర్లో నేను తట్టుకోలేక చెప్పేశాను ఆవిడకి. గింజల సంగతి."

సంచిలో చెయ్యి ఆగిపోయింది.

"చెబితే ఏమంది?"

పెద్దకోడలు చీల్చిన గింజని గోడ మీద పెట్టింది.

"ఏమందక్కా?"

"నిన్ను పిలవమంది. దాని చేత్తో కాసిని నీళ్ళు తాగుతానే, పిలువు అంది."

"ఎప్పుడు?"

"పోయే ముందురోజు. పొద్దున."

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. సెలవు పెట్టాను. ఇదిగో, ఈ గోడకి ఇవతలే ఉన్నాను."

"తెలుసు. పిలిస్తే నీకు తెలిసిపోతుంది కదా అని... మర్నాడు పిలుద్దాం అనుకున్నాను. సాయంత్రం దాకా రెండు మూడుసార్లు అడిగింది. నేను ఇస్తే తాగలేదు."

కొళాయి దగ్గర బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. గుండీలమ్మ వెళ్ళి కట్టేసి వచ్చింది. అంతసేపూ ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆవిడ గాలి పెట్టలేదు నా చేతిలో. పొరపడింది, తెలుసుకుంది, పిలిచింది. నీళ్ళడిగింది. దాహంతో పోయింది. మోకాలెత్తు గోడకి అవతల.

తిరిగొచ్చేసరికి ఆమె గొంతు మామూలుగానే ఉంది. షెడ్డులో దారం అడిగినంత మామూలుగా.

"బావగారికి చెప్పను."

"నీ కడుపు చల్లగా..."

"ఆగు. పన్నెండేళ్ళు నా చెయ్యి మంచిది కాదని నేను మోశాను. ఇకనుంచి నువ్వు మొయ్యి. ఏటా నేనిచ్చిన పొట్లం, నేను చెప్పిన రోజున, ఇదే పాదులో, అందరూ చూస్తుండగా పెడతావు. నీళ్ళు పోస్తావు. రోజూ పోస్తావు. వేరే గింజ ముట్టుకున్నా, ఒక్క ఏడాది మానేసినా, ఆ సాయంత్రం నేను బావగారి పక్కన స్టూలేసుకుని కూర్చుంటాను."

పెద్దకోడలు గింజలు గుప్పెట్లో దాచుకుని నల్లద్దాలు పెట్టుకుంది. పాల గిన్నెతో బావగారు పెరట్లోకి వస్తూ, "ఏమిటి, అక్కచెల్లెళ్ళిద్దరూ పొద్దున్నే కబుర్లు?" అన్నాడు. "రైట్ రైట్, కానివ్వండి."

ఆ సాయంత్రం గుండీలమ్మ ప్రాణమున్న పొట్లాన్ని సంచిలోంచి తీసి తన వాటాలోనే రెండో పాదు పెట్టుకుంది. డబ్బాలో ఉన్న గింజల్లోంచి మొన విరగనివి ఏరి పదకొండు కుప్పలు పోసింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఒక్కో కుప్పకీ వంద లెక్కపెట్టింది. ఆరాక పదకొండు పొట్లాలు కట్టి, ఒక్కోదానికీ గుండీల అట్ట ముక్క కుట్టి, ఏ ఏడాదిదో రాసింది. మనిషి సంగతి తెలుసు కదా, కుడితే ఊడదు.

ఇప్పుడామెకి యాభై ఆరు. షెడ్డులో కొత్తగా చేరిన ఆడపిల్లలు తమ చొక్కాలకి మొదటి గుండీ ఆమె చేతే కుట్టించుకుంటారు. పక్క మిషను అమ్మాయి రెండో బిడ్డని ఆమే మొదట ఎత్తుకుంది. పెరట్లో గుమ్మడి తీగ గోడ దాటి అవతలికి పోతుంటే, దాన్ని జాగ్రత్తగా ఇవతలికి మళ్ళించుకుంటుంది. చంద్రుడితో పనిలేదని తెలిసినా గోడకి అవతల వాళ్ళకి రోజు మాత్రం అట్ట చూసే చెబుతుంది, అత్తగారు నేర్పినట్టే. దాహం ఊసు గుర్తొచ్చిన పూట ఆమెకి ముద్ద దిగదు. తీరిందా అని అడిగితే తీరలేదనే చెబుతుంది.

పెద్దకోడలు పొద్దున్నే చెంబుతో వచ్చి బోడి పాదుకి నీళ్ళు పోస్తుంది. బావగారు స్టూలు మీద కూర్చుని, "పొయ్యవే, పొయ్యి, ఈ ఏడన్నా వస్తుందేమో. నీ చేతికి ఏమొచ్చిందో ఏమిటో" అంటూ ఉంటాడు. ఆవిడ తలెత్తదు, పోస్తుంది.

మొన్న నెలవంక కనబడిన మూడోరోజున గుండీలమ్మ గోడ దగ్గరికెళ్ళి అయిదో పొట్లం చేతిలో పెట్టింది. డబ్బాలో ఇంకా ఏడు ఉన్నాయి.